ఫ్లోరైడ్ ఫిల్టరు కంటే ముందు అన్నం గిన్నె కొలవండి

మీ ప్రశ్నని నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను, తప్పుగా అర్థం చేసుకుంటే సరిదిద్దండమ్మా. మీరు నలుగురు సివిల్ ఫైనలియర్ పిల్లలు. అరటి తొక్కలు ఎండబెట్టి, కాల్చి, పటిక నీళ్లలో నానబెట్టి ఒక నల్లపొడి చేశారు. డిస్టిల్డ్ వాటర్లో సోడియం ఫ్లోరైడ్ కలిపి లీటరుకు 10 మి.గ్రా. ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు తయారుచేశారు. అందులో లీటరుకు 10 గ్రాముల పొడి వేసి గంటసేపు తిప్పితే 95 శాతం ఫ్లోరైడ్ పోయింది. కొలిచింది స్పాడ్‌ఎన్‌ఎస్ రంగు పద్ధతిలో. గైడు గారు టైటిల్లో 'సుస్థిరాభివృద్ధి' అని చేర్చి కాన్ఫరెన్సుకి పంపమన్నారు. మీరేమో ఇది నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న కనిగిరి పక్కన ఏదైనా ఊళ్లో పెడితే పనిచేస్తుందా, ఏ ఊరు ఎంచుకోవాలి అని అడుగుతున్నారు.

ఊరి సంగతి అడిగారు కాబట్టే ఇంత రాస్తున్నాను. ఒక్క కాన్ఫరెన్సు గురించే అడిగుంటే "పంపండి, సర్టిఫికెట్ వస్తుంది" అని ఒక్క ముక్కతో సరిపెట్టేవాణ్ణి.

నేను గ్రామీణ మంచినీటి పనుల్లో 28 ఏళ్లు చేసి రిటైరయ్యాను. పుట్టింది కూడా ఆ చుట్టుపక్కలే. నా ముందు పళ్ల మీద ఫ్లోరైడ్ గార చారలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. కాబట్టి ఈ విషయంలో నేను పూర్తిగా తటస్థుణ్ణి కాను, ముందే చెబుతున్నా.

మొదట ఆ 95 శాతం సంగతి చూద్దాం. మీరు అబద్ధం రాశారని అనడం లేదు. మీ పరికరం మీకు అబద్ధం చెప్పి ఉండొచ్చు. స్పాడ్‌ఎన్‌ఎస్ ఎలా పనిచేస్తుందో గుర్తు చేసుకోండి. జిర్కోనియంతో కలిసి ఎర్రగా ఉండే రంగు, ఫ్లోరైడ్ తగిలేకొద్దీ వెలిసిపోతుంది. రంగు ఎంత తగ్గితే ఫ్లోరైడ్ అంత ఎక్కువ. అంటే నీళ్లకి సొంత రంగు ఏ కాస్త ఉన్నా అది ఆ వెలిసిన రంగుకి తోడై, ఫ్లోరైడ్ తక్కువ ఉన్నట్టు చూపిస్తుంది. సరిగ్గా కాలని తొక్క బొగ్గు నీళ్లలో వేస్తే గోధుమరంగు దిగుతుంది కదా? వడపోసిన నీళ్లని తెల్లకాగితం మీద పెట్టి చూశారా? పొడి మాత్రమే వేసి, ఫ్లోరైడ్ కలపని నీళ్లతో బ్లాంక్ తీశారా? తీసుంటే మీ పట్టికలో ఎక్కడా కనబడలేదు.

రెండోది ఇంకా దొంగ. పొడిని పటికలో నానబెట్టారు. పటిక అంటే అల్యూమినియం. అది కొంత తిరిగి నీళ్లలోకి వస్తుంది, ఫ్లోరైడ్‌ని పట్టుకుని నీళ్లలోనే కూర్చుంటుంది. అప్పుడు ఫ్లోరైడ్ నీళ్లలోనే ఉంటుంది, కానీ రంగు పద్ధతికి కనబడదు. అల్యూమినియం ఉన్న నీళ్లలో స్పాడ్‌ఎన్‌ఎస్ తక్కువ చూపిస్తుందని పరీక్షా పద్ధతుల పుస్తకాల్లోనే ఉంటుంది, ఆ పేజీ ఎవరూ తిప్పరు. చూడండి, రెండు తప్పులూ మీకు అనుకూలంగానే పడ్డాయి. లెక్కలో వచ్చే తప్పులు ఒక్కోసారి ఇటూ ఒక్కోసారి అటూ పడితే భయం లేదు. అన్నీ మనకి నచ్చిన వైపే పడుతుంటేనే కూర్చుని ఆలోచించాలి.

దీనికి మందు ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్, అంటే రంగుతో పని లేకుండా నీళ్లలో ముంచి ఫ్లోరైడ్ కొలిచే కడ్డీ. మీ కాలేజీలో లేకపోతే దగ్గర్లోని యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగాన్నో, జిల్లా నీటి పరీక్షా ల్యాబునో అడగండి. విద్యార్థులు వచ్చి మర్యాదగా అడిగితే కాదనేవాళ్లు తక్కువ. ఎలక్ట్రోడ్‌తో కొలిచేటప్పుడు టిసాబ్ అనే బఫర్ ద్రావణం సరిసమానంగా కలపాలి, అదీ అల్యూమినియం పట్టు విడిపించే మందు అందులో ఉన్న రకం. ఆ మందు లేని బఫర్ వాడితే ఎలక్ట్రోడ్ కూడా మిమ్మల్ని మోసం చేస్తుంది. ఆ వడపోసిన నీళ్లలో అల్యూమినియం ఎంతుందో కూడా చూడండి. తాగే నీళ్లలో అల్యూమినియం లీటరుకి 0.03 మి.గ్రా. దాటకూడదు, వేరే దారి లేకపోతే 0.2 వరకు ఫర్వాలేదు అని మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ మాట. ఫ్లోరైడ్ తీసి అల్యూమినియం తాగిస్తే ఊరికి మనం చేసిన ఉపకారమేంటి?

ఇక డిస్టిల్డ్ వాటర్. అందులో మీ పొడికి పోటీ ఎవరూ లేరు, ఉన్న ఫ్లోరైడ్ అంతా దానిదే. ఊరి బోరు నీళ్లు అలా ఉండవు. మన వైపు రాయి గ్రానైటు, నైసు. కనిగిరి గ్రానైట్‌లోనైతే ఫ్లోరైట్ ఖనిజం ఉన్నట్టు భూగర్భ శాస్త్రవేత్తలు ఎప్పుడో గుర్తించారు. కానీ రాతిలో ఫ్లోరిన్ ఉన్నంత మాత్రాన నీళ్లలోకి దిగదు. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడ్‌ని కట్టిపడేస్తుంది. కాల్షియం తక్కువగా ఉండి, సోడియం, బైకార్బనేట్ ఎక్కువగా ఉన్న క్షారపు నీళ్లలోనే ఫ్లోరైడ్ స్వేచ్ఛగా కరుగుతుంది. ఆ బైకార్బనేటే మీ పొడి మీద ఫ్లోరైడ్ కూర్చోవాల్సిన చోటుకి పోటీ వస్తుంది, పీహెచ్‌ని కూడా పైకి తోస్తుంది. పీహెచ్ 8 దాటితే అల్యూమినియం పూత ఉన్న ఏ పొడైనా బద్ధకిస్తుంది. ఫ్లోరైడ్ తీయడానికి పేరున్న యాక్టివేటెడ్ అల్యూమినా అంతటిది కూడా 5, 6 పీహెచ్ దగ్గర చేసినంత పని 8 దగ్గర చేయదు.

ఇక్కడ ఒక పక్క మాట. పప్పు త్వరగా ఉడికి, సబ్బు బాగా నురగొచ్చే బోరు నీళ్లు మంచి నీళ్లని మా అమ్మ తరం అనుకునేది. కెమిస్ట్రీ చదివాక ఒకరోజు నాకు ఒళ్లు జలదరించింది. కాల్షియం లేక, బైకార్బనేట్ నిండుగా ఉన్న నీళ్లలోనే పప్పు మెత్తగా ఉడుకుతుంది, వంటసోడా వేసినట్టు. ఫ్లోరైడ్ నిలిచేదీ అలాంటి నీళ్లలోనే. పప్పు ఉడికిన ప్రతి బోరులో ఫ్లోరైడ్ ఉందని కాదు నేననేది. మన నాలుకకి, చేతికి మంచిగా తోచిన నీళ్లు ఎముకకి మంచివి కావాలని లేదు, అంతవరకే. 1937లో షార్ట్ అనే వైద్య పరిశోధకుడు, ఆయన సహచరులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయిన మనుషుల గురించి రాశారు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడ్డప్పుడు ఆ నెల్లూరు జిల్లా నుంచే కనిగిరి, పొదిలి, దర్శి దానిలోకి వచ్చాయి. అంటే ఇది మన గడప దగ్గర కొత్త సమస్యేమీ కాదు.

మూడో విషయం, పొడి ఎంతవరకు పట్టుకోగలదో లెక్కగట్టే లాంగ్‌మ్యూర్ గీత మీరు గీసి "గరిష్ఠ సామర్థ్యం గ్రాముకి 10 మి.గ్రా." అని లావు అక్షరాల్లో రాశారు. ఆ 10 ఎప్పుడొస్తుంది? చుట్టూ నీళ్లలో ఫ్లోరైడ్ బోలెడంత మిగిలి ఉన్నప్పుడు. మనకి కావాల్సింది బయటికొచ్చే నీళ్లలో 1 మి.గ్రా. మాత్రమే మిగిలినప్పుడు పొడి ఎంత పట్టుకుంటుందన్నది. మీ సమీకరణంలోనే బీ అనే స్థిరాంకం విలువ 0.1 వేశారు కదా, సీ దగ్గర, అంటే నీళ్లలో మిగిలిన ఫ్లోరైడ్ దగ్గర, 1 పెట్టి లెక్కేయండి. 10 కాస్తా 0.9 అవుతుంది. పదకొండో వంతు. సామర్థ్యం తగ్గిందని బాధ వద్దు. మీ డోసు లెక్కా దగ్గర దగ్గర అదే చెబుతోంది, 10 గ్రాములు 9.5 మి.గ్రా. తీసింది. పేపర్లో మాత్రం ఆ 0.9 రాయండి. రివ్యూ చేసేవాళ్లు మెచ్చుకోకపోవచ్చు, ఊళ్లో పెట్టేవాడికి పనికొస్తుంది.

ఇప్పుడు ఇంటి లెక్క. ఐదుగురున్న ఇంటికి తాగడానికి, వంటకి కలిపి రోజుకి 20 లీటర్లు అనుకుందాం. లీటరుకి 10 గ్రాముల పొడి, ఒకసారి వాడి పారేసేదే అయితే రోజుకి 200 గ్రాములు. ఏడాదికి 73 కిలోలు. 300 గడపల ఊరికి దాదాపు 22 టన్నులు. తాజా అరటి తొక్కలో పదింట ఎనిమిది వంతులకు పైగా నీరే. ఎండినదాన్ని కాలిస్తే అందులో మూడో వంతో నాలుగో వంతో మిగులుతుంది. అంటే ఒక్క ఇంటికే ఏడాదికి ఒకటిన్నర టన్నుల తొక్క కావాలి. కనిగిరిలో అరటి తోటలెక్కడున్నాయమ్మా? కోనసీమ నుంచి లారీలో తొక్కలు తెప్పించి, కట్టెలతో కాల్చి, పటికలో నానబెట్టి... దాన్ని సుస్థిరం అని నేనైతే అనలేను. మునగ గింజ, చింతగింజ, కొబ్బరి చిప్ప, వేపాకు, ఏడాదికొకటి చొప్పున అన్నిటి మీదా ప్రాజెక్టులు చూశాను. వృథా అయ్యే వస్తువు కాబట్టి ఉచితం అని మొదటి పేజీలో రాస్తారు. దాన్ని పోగేసి, మోసి, కాల్చి, మళ్లీ పారేసే మనిషి కూలి ఏ పేజీలోనూ ఉండదు.

వాడేసిన పొడి ఎక్కడ పోస్తారో కూడా రాయలేదు మీరు. అది ఫ్లోరైడ్ మూట. పెరట్లో పోస్తే వానొచ్చినప్పుడు కొంత తిరిగి మట్టిలోకే.

ఈ మాట గట్టిగా అనడానికి కారణం నేనే. తొంభైల్లో ఒక ఊళ్లో ట్యాంకు పక్కన నల్గొండ పద్ధతి ప్లాంటు కట్టించాను. ఆ పద్ధతి మీకు సిలబస్‌లో ఉండే ఉంటుంది. 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, నీరీ వాళ్లు తయారుచేసింది. పటిక, సున్నం, కొంచెం బ్లీచింగ్ పౌడర్ వేసి బాగా కలిపి, తర్వాత నెమ్మదిగా తిప్పి, తేర్చి, వడపోస్తే పటిక గడ్డలుగడ్డలుగా కట్టి ఫ్లోరైడ్‌ని తనతో కిందికి తీసుకుపోతుంది. ఇంట్లో కూడా చేసుకోవచ్చు. అడుగు నుంచి మూడు నాలుగు సెంటీమీటర్ల పైన కుళాయి ఉన్న బకెట్, పది నిమిషాలు కలపడం, గంటసేపు తేర్చడం, అంతే. ఆ పద్ధతే తర్వాత టాంజానియా, ఇథియోపియాల దాకా వెళ్లింది. మన తెలుగు జిల్లా నల్గొండ పేరు అక్కడి ఇంజనీర్ల నోట వింటే ఒకపక్క గర్వంగా, ఇంకోపక్క దిగులుగా ఉంటుంది. ఏ ఊరి పేరైనా ఇందుకా ప్రపంచానికి తెలియాల్సింది?

పద్ధతి మంచిదే. నేను చేసిన తప్పు డోసులో. పటిక డోసు ఫ్లోరైడ్ మీద ఒక్కదాని మీదే కాదు, నీటి క్షారత మీద, అంటే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి మీద కూడా ఆధారపడుతుంది. నేను మే నెలలో ఒక బోరు నుంచి ఒక్క శాంపిల్ తీసి, దానికి సరిపడా పటిక కొలత డబ్బా చేయించి ఆపరేటర్ చేతికిచ్చాను. "రోజూ ఇన్ని డబ్బాలు వెయ్యి, సున్నం ఇంత" అని గోడ మీద పెయింటు కూడా వేయించాను. ఆరు నెలల్లో ఆ బోరు మోటరు కాలిపోయి, పక్క బోరు కలిపారు. ఆ నీళ్లలో క్షారత సగమే. అవే డబ్బాలు పడుతున్నాయి. ఒక్కో మి.గ్రా. పటిక దాదాపు అర మి.గ్రా. క్షారతని తినేస్తుంది. క్షారత చాలక పీహెచ్ దిగిపోయి నీళ్లు వగరెక్కాయి. "ఈ నీళ్లు నోట్లో పెట్టుకోలేం సారూ" అని ఆడవాళ్లు చెప్పారు. నేను అలవాటవుతుందిలే అన్నాను. వాళ్లకి అలవాటు కాలేదు. నెల తిరక్కుండా ఆ ప్లాంటు నీళ్లు గొడ్లకి పోసి, మనుషులు మళ్లీ పాత చేతిపంపుకి వెళ్లారు. అడుగున తేరిన మడ్డి ఎక్కడ పోయాలో నా ఎస్టిమేటులో ఒక్క లైను కూడా లేదు. ఆపరేటర్ ట్యాంకు వెనక గుంట తీసి అందులో పోశాడు. మరుసటేడు వెళ్తే ఆ తెల్లటి ఎండిన మడ్డి మీద మేకలు తిరుగుతున్నాయి. ఆ ప్లాంటు ఆగిపోయింది కెమిస్ట్రీ తెలియక కాదు. పదో నెలలో ఎవరు ఏం చేయాలి అన్నది నేను డిజైన్ చెయ్యకపోవడం వల్ల.

సరే, ఫిల్టరు వద్దంటే మరి ఏం చెయ్యాలి అంటారు. నేను మీ స్థానంలో ఉంటే ఏం చేస్తానో చెబుతాను, ఇదే నా అసలు జవాబు.

ఇప్పుడు మీరు ఏ ఊరు వెళ్లినా తాగడానికి బోరు నీళ్లు వాడే ఇళ్లు తక్కువే కనబడతాయి. ఆర్వో ప్లాంటు క్యాను కొనుక్కుంటారు, లేదా ఎక్కడైనా పైపులో వచ్చే నది నీళ్లుంటాయి. తెలంగాణలో మిషన్ భగీరథతో మర్రిగూడ, మునుగోడు వైపు కృష్ణా నీళ్లు వెళ్లాయి. కాబట్టి "ఫ్లోరైడ్ నీళ్లు తాగుతున్నారు" అని మొదటి పేరాలో రాసేముందు ఇంట్లోకి వెళ్లి చూడాలి. క్యాను నీళ్లు చెంబులో ఉంటాయి. పొయ్యి మీద అన్నం ఏ నీళ్లతో ఉడుకుతోంది? క్యాను కొన్నది కదా, వంటకి వాడితే రెండ్రోజులకే అయిపోతుంది. అందుకని బియ్యం కడిగేది, ఎసరు పెట్టేది, పప్పు ఉడికించేది బోరు నీళ్లతోనే. నేను చూసిన ఇళ్లలో చాలాచోట్ల ఇదే వరస.

లెక్కేద్దాం. బోరులో ఫ్లోరైడ్ లీటరుకి 4 మి.గ్రా. అనుకోండి. ఐదుగురికి రోజుకి కిలో బియ్యం, రెండు లీటర్ల ఎసరు. గంజి వార్చకుండా ఇగిర్చి వండితే నీళ్లు ఆవిరైపోయినా ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు. 8 మి.గ్రా. అన్నంలోనే ఉంటుంది. పప్పు, పులుసు, టీ కలిపి మరో లీటరున్నర, అంటే 6 మి.గ్రా. మొత్తం 14. మనిషికి 2.8. అదే మనిషి క్యాను నీళ్లు రెండు లీటర్లు తాగితే, అందులో లీటరుకి 0.3 ఉంటే, తాగే నీళ్ల వాటా 0.6 మాత్రమే. కలిపితే 3.4. తాగే నీళ్లకి పై హద్దు అనుకునే లీటరుకి 1.5 మి.గ్రా. ఉన్న నీళ్లు రెండు లీటర్లు తాగితే ఒంట్లోకి వెళ్లేది 3. అంటే డబ్బు పెట్టి క్యాను కొని కూడా ఆ ఇల్లు గీత మీదే నిలబడి ఉందన్నమాట, అదీ తిండి దారిలో. అన్నంలోని ఫ్లోరైడ్ అంతా నీళ్లలోదానిలా ఒంటికి పట్టదు, భోజనంలో కాల్షియం ఉంటే ఇంకా తగ్గుతుంది, ఆ మాట కూడా రాయండి. నేను వేసిన 4, 2 లీటర్లు, కిలో బియ్యం అన్నీ ఊహలే. వాటి స్థానంలో నిజం అంకెలు పెట్టడమే మీ ప్రాజెక్టు.

అది ఎలా చేస్తారంటే, ఒక ఊళ్లో 20, 25 ఇళ్లు తీసుకోండి. ప్రతి ఇంట్లో ఏ పనికి ఏ నీళ్లు వాడుతున్నారో అడగండి, అడగడంతో ఆగకండి. ఒక పూట వంట అయ్యేదాకా గడప దగ్గర కూర్చోండి, ఎసరు ఎన్ని గ్లాసులో కొలవండి. అడిగితే "క్యాను నీళ్లే" అంటారు, ఎందుకంటే మీరు వినాలనుకునేది అదేనని వాళ్లకి తెలుసు. ఆ నీళ్లు, వార్చిన గంజి ఉంటే అదీ, ప్లాస్టిక్ సీసాల్లో పట్టుకోండి. వండిన అన్నంలో నేరుగా ఫ్లోరైడ్ కొలవడం మీ ల్యాబులో అయ్యే పని కాదు, దానికి వేరే తయారీ కావాలి. ఎసరులో ఎంత ఉంది, గంజిలో ఎంత పోయింది అన్న రెండూ కొలిచి తీసేస్తే మిగిలింది అన్నంలో ఉన్నట్టే. గంజి వార్చే ఇళ్లకీ ఇగిర్చే ఇళ్లకీ తేడా వస్తుందా? వస్తే అదొక్కటే ఒక మంచి పేపరు. కుక్కర్ వచ్చాక వార్చడం పోయింది. ఆ మార్పు ఫ్లోరైడ్ లెక్కలో ఏం చేసిందో ఎవరైనా కొలిస్తే చదవాలని నాకూ ఉంది.

మధ్యాహ్న భోజనం వండే బడిని కూడా అందులో కలపండి. పిల్లల పళ్లు తయారయ్యే వయసు అది. హెడ్‌మాస్టరు అనుమతి తీసుకోండి, వంటావిడని దోషిని చేసినట్టు మాట్లాడకండి.

ఇక్కడిదాకా సర్వే, మరి ఇంజనీరింగ్ ఎక్కడుంది అని మీ గైడు అడుగుతారు. అడగాలి కూడా. ఆ లెక్క చేతిలో పెట్టుకున్నాక ఇంటికి కావాల్సిన మంచి నీళ్లు రోజుకి ఇన్ని లీటర్లు అని తేలుతుంది. ఇప్పుడు కొంటున్నది 8 లీటర్లయితే, అసలు కావాల్సింది 15 అనుకుందాం. ఆ అదనపు 7 లీటర్లు ఇంటికెలా చేరాలి? నిండు క్యాను 20 కిలోలు. మోసేది ఎవరు, ఎంత దూరం, మోకాళ్లు బిగుసుకుపోయిన ముసలావిడ సంగతేంటి? ఆర్వో ప్లాంటు నుంచి మూడు వీధి కుళాయిలకి పైపు వేస్తే ఖర్చెంత? వంట నీళ్లకి వేరే ధర పెట్టొచ్చా? పైపులు, లెవెళ్లు, పంపు గంటలు, ఎస్టిమేటు, అన్నీ సివిల్ వాళ్ల పనే. కాకపోతే ఫొటో తీసి చూపించడానికి నల్లపొడి ఉండదు.

ఆర్వో అంటే మరో లెక్క గుర్తొచ్చింది. 3 మి.గ్రా. నీళ్లు లోపలికెళ్లి, నూటికి 40 వంతులు మంచినీళ్లుగా 0.3తో బయటికొస్తే, మిగిలిన 60 వంతుల్లో ఫ్లోరైడ్ 4.8కి పెరుగుతుంది. ఆ నీళ్లు కాలవలోకో, పక్క చేలోకో, ఒక్కోచోట అదే బోరు పక్కన గుంటలోకో పోతాయి. బోరు పక్కన ఇంకడమంటే మనం తీసింది మనకే తిరిగొస్తోంది. మీ నలుగురిలో ఇద్దరికి ఆ వంట పని విసుగనిపిస్తే ఇది పట్టుకోండి. ఒక ప్లాంటుని మూడు నెలలు వారానికోసారి, లోపలికి, బయటికి, వృథాకి, మూడు చోట్లా కొలిస్తే చాలు.

పైపు నీళ్లొచ్చిన ఊళ్లో మరోటి చూడొచ్చు. వేసవిలో నది నీళ్లు చాలనప్పుడు అదే ట్యాంకులో బోరు కలుపుతారు. నది నీళ్లలో 0.4, బోరులో 4 ఉంటే, 1 దాటకుండా ఉండాలంటే ఐదు పాళ్ల నది నీళ్లకి ఒక పాలు బోరు నీళ్లు మాత్రమే కలపాలి. సగం సగం కలిపితే 2.2. వాటర్‌మ్యాన్‌కి ఈ నిష్పత్తి ఎవరైనా చెప్పారా? వాల్వు ఎన్ని నిమిషాలు తిప్పితే ఎన్ని పాళ్లో తేల్చి, ట్యాంకు గోడ మీద రాయించగలిగితే మీ ప్రాజెక్టు ఆ వేసవికే పనికొచ్చినట్టు. గోడ మీద రాయించడం గురించి నా అనుభవం పైన చెప్పాను. బోరు మారితే రాత మారాలి, ఎవరు మారుస్తారో పేరుతో సహా అక్కడే రాయండి.

కొన్ని చిన్న విషయాలు. మీ కాలేజీ ఉన్నత్ భారత్ అభియాన్‌లో ఉందేమో కనుక్కోండి. కేంద్రం 2014లో మొదలుపెట్టింది, ఢిల్లీ ఐఐటీ సమన్వయం చేస్తుంది. ఉంటే మీ కాలేజీకి దత్తత ఊళ్లు ఇప్పటికే ఉంటాయి, కొత్త ఊరు వెతుక్కోనక్కర్లేదు, సర్పంచి గారికి పరిచయం కూడా ఉంటుంది. మీరు కనిగిరే కావాలనుకున్నారు గానీ, ఏడాదిలో పదిసార్లు బస్సెక్కి వెళ్లగలిగే ఊరే మంచి ఊరు. ఒక్కసారి వెళ్లి బ్యానర్ కట్టి ఫొటో దిగి వచ్చే ఊరు వద్దు.

వంకర కాళ్ల మనుషుల ఫొటోలు మీ స్లైడ్లలో పెట్టకండి. వాళ్లు అనుమతిచ్చినా సరే. నా చిన్నప్పటి నుంచి అలాంటి ఫొటోలు దిగిన వాళ్లే మళ్లీ మళ్లీ దిగుతున్నారు. మూత్ర పరీక్షలు చేద్దామని ఎవరైనా ఉత్సాహపడితే ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ముట్టుకోవద్దు. చింతపండు తింటే ఫ్లోరైడ్ మూత్రంలో ఎక్కువ పోతుందని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2000 తొలినాళ్లలో ప్రచురించారు. అది చదివి ఊళ్లో "చింతపండు తినండి" అని ప్రచారం చేసిన కుర్రాళ్లని చూశాను. పులుసు వండేది ఏ నీళ్లతో అని మాత్రం వాళ్లు అడగలేదు.

మరి ఆ తొక్క పొడి పారెయ్యాలా? అవసరం లేదు. చేసిన పని చేశారు. దాన్ని ఒక అధ్యాయంగా ఉంచండి. అదే పొడిని అసలు బోరు నీళ్లతో, ఎలక్ట్రోడ్‌తో, బ్లాంకుతో మళ్లీ చేసి, 95 ఎంతకి దిగిందో రాయండి. 40కి దిగితే 40 అనే రాయండి. డిస్టిల్డ్ వాటర్లో ఇంత, ఊరి నీళ్లలో ఇంత, తేడా ఎందుకు వచ్చింది అని నిజాయితీగా ఒక పట్టిక ఇస్తే, తర్వాతొచ్చే బ్యాచ్ మునగ గింజ మొదలుపెట్టేముందు దాన్ని చదువుతుంది. వైవాలో "ఇంత తక్కువేంటి" అని అడిగితే పై లెక్కలన్నీ చెప్పండి. అడిగినవాళ్లకి నచ్చకపోతే ఓ నాలుగు మార్కులు పోతాయి, అంతేగా.

వచ్చే వారానికి చేయగలిగిన పని ఒకటుంది, దానికి ఎలక్ట్రోడ్ కూడా అక్కర్లేదు. మీరు అనుకుంటున్న ఊళ్లో ఓ పదిహేను బోర్ల నీళ్లు తెచ్చి, బ్యూరెట్‌తో కాల్షియం, క్షారత, పీహెచ్ మీటరుతో పీహెచ్ చూసి పట్టిక రాయండి. కాల్షియం తక్కువ, క్షారత ఎక్కువ ఉన్నవి వేరు చేసి, ఫ్లోరైడ్ కోసం ముందు వాటినే ల్యాబుకి పంపండి. ఆ పదిహేనులో వంటకి వాడుతున్నవి ఏవో కూడా పక్కన టిక్ పెట్టండి. ఆ పట్టిక ఇక్కడ పెడితే మిగతా లెక్కలు కలిసి చూద్దాం.